సొట్ట పోయింది సరే, థిన్నర్ ఎటు పోయింది?



మీ కారు తలుపు మీద ఎక్కడో సొట్ట పడింది. కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగితే వారు చెప్పిన ధర విని గుండె గుభేలుమన్నది. ఎవరో మిత్రుడు రోడ్డు పక్కనున్న టింకరింగ్ షెడ్డు చూపించాడు. అక్కడ సగం ధరకే ఒప్పుకున్నారు. మీరు ఇంకో ఐదు వందలు తగ్గించమని బేరమాడారు. సాయంత్రానికి బండి అద్దంలా మెరుస్తూ చేతికి వచ్చింది. సంతోషం. ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఆ తలుపుకు రంగు వేసిన తరువాత స్ప్రే గన్ కడిగిన థిన్నర్ ఎటు పోయింది?

ఈ ప్రశ్న మీరు అడగలేదు. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, నా సొంత బండికి ఎన్నోసార్లు రంగు వేయించుకొని, నేనూ ఏనాడూ అడగలేదు. మనం అడగకపోవడం వల్ల ఎవరికి ఏమి జరుగుతున్నదో చెప్పడానికే ఈ వ్యాసం. కొంత కటువుగా ఉంటుంది. డెబ్బై దాటిన వాడిని, మెత్తగా చెప్పే ఓపిక తగ్గింది. మన్నించగలరు.

నేను రాస్తున్నది కందుకూరు సంగతి. ఆంధ్రలోని కందుకూరు కాదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో తుక్కుగూడ దాటిన తరువాత వచ్చే రంగారెడ్డి జిల్లా కందుకూరు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. వాటి వెనుకనే రాత్రింబవళ్లు తిరిగే క్యాబులు వచ్చాయి. క్యాబు ఒక్క రోజు నిలిచిపోతే ఆ రోజు కిస్తీ డబ్బు పోయినట్టే. కనుక పొద్దున ఇస్తే సాయంత్రానికి తిరిగి ఇచ్చే షెడ్లు కావలసి వచ్చాయి. శంషాబాద్, తుక్కుగూడ, మహేశ్వరం, కందుకూరు దారుల వెంబడి రేకుల కప్పు, ఒక కంప్రెసర్, ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లతో అవి వెలిశాయి. మా ప్రాంతపు యువకులకు అవి అన్నం పెట్టాయి. ఆ సంగతి మరిచిపోయి రాయను.

ఉదయపు నడకలో ఆ షెడ్ల వెనుక వైపు ఒకసారి చూడండి. మట్టి మీద రంగు పొరలు పొరలుగా గట్టిపడి ఉంటుంది. క్యాబులన్నీ తెల్లవే కనుక తెలుపే ఎక్కువ. మధ్య మధ్య ఎరుపు, వెండి రంగు. పక్కన రంగు మరకలతో పాత దినపత్రికలు, విరిగిన బంపర్లు, చిరిగిన సీటు స్పాంజి. సాయంత్రం కాగానే వాటికి ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. గాలి ఊరి వైపు వీస్తే మేము కిటికీలు మూసుకుంటాము. అంతటితో మా పర్యావరణ ఉద్యమం ముగుస్తుంది.

ఇదే మండలంలో ఒక పెద్ద చర్చ నడిచింది. కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల్లో తలపెట్టిన ఫార్మాసిటీ గురించి ఊరూరా వాదోపవాదాలు జరిగాయి. మా నీళ్లు, మా నేల ఏమవుతాయని రైతులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. రానున్న పరిశ్రమ పొగ గురించి అంత జాగ్రత్తగా ఆలోచించిన మనం, ఇప్పటికే చౌరస్తాలో నేలలోకి ఇంకుతున్న విషాన్ని ఎందుకు చూడలేకపోతున్నాము? షెడ్డు చిన్నది కావడం వల్ల. ఈ 'చిన్నది' అనే మాట మీదనే నాకు అభ్యంతరం.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక యువకుడు అవుట్ పేషెంట్ విభాగానికి వచ్చేవాడు. ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లుంటాయి. రాత్రిపూట దగ్గు, ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. క్షయ అనుమానంతో కళ్లె పరీక్ష రెండుసార్లు చేయించాను. లేదన్నారు. యాంటిబయాటిక్ రాశాను, గొట్టం మందు రాశాను. తగ్గేది, మళ్లీ వచ్చేది. సిగరెట్లు మానమన్నాను, వాడు సిగరెట్టే తాగడు. నాలుగో నెలలో కాబోలు, వాడే అన్నాడు: "పండుగకు ఊరికి పోతే దగ్గుండదు సార్. షెడ్డుకొచ్చిన రెండో దినం మళ్ల షురువైతది."

అప్పుడు అడిగాను, ఏ షెడ్డు నాయనా అని. కార్లకు స్ప్రే పెయింటింగ్. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న నాలుగు నెలల తరువాత, అదీ రోగి చెబితే అడిగాను. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే వృత్తి వ్యాధుల మీద గ్రంథం రాసి, రోగిని నీ వృత్తి ఏమిటని తప్పక అడగాలని వైద్యులకు బోధించాడు. రంగులు వేసేవారి జబ్బులకు అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆయన పేరు పరీక్ష కోసం బట్టీ పట్టాము. ఎదురుగా కూర్చున్న మనిషి గోళ్లలో ఉన్న రంగును మాత్రం చూడలేదు.

ఆ పని మానెయ్యమని చెప్పాను. "మరి ఏం పని చెయ్యాలె సార్?" అన్నాడు. తరువాత డ్రైవింగులోకి మారాడని తెలిసింది. ఉబ్బసం మాత్రం వాడి వెంటే వెళ్లింది. ఆలస్యంగా బయటపడిన వారిలో చాలామందికి పని మానినా జబ్బు మానదు. నాలుగు నెలల ఆలస్యంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

వాడి ఊపిరితిత్తుల్లో జరిగింది ఏమిటో తేలిక మాటల్లో చెబుతాను. ఈనాడు కార్లకు మెరుపునిచ్చే పై పూత రెండు డబ్బాల మిశ్రమం. ఒకదానిలో రంగు లేదా క్లియర్ కోట్, రెండోదానిలో హార్డెనర్. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. రెండూ కలిసినప్పుడు పూత రాయిలా గట్టిపడుతుంది. ఐసోసయనేట్లకు కారు తలుపు, మనిషి శ్వాసనాళం అన్న తేడా లేదు. శ్వాసనాళపు పొరల్లోని మాంసకృత్తులతో కూడా అవి కలుస్తాయి. శరీరం ఒకసారి దానిని శత్రువుగా గుర్తుపట్టిందంటే, ఆ తరువాత అతి స్వల్ప మోతాదు చాలు, ఆయాసం మొదలవుతుంది. చాలాసార్లు ఆ ఆయాసం పని వేళలో రాదు, కొన్ని గంటల తరువాత రాత్రి వస్తుంది. కనుక కార్మికుడు దుమ్మును తిట్టుకుంటాడు, చలిని తిట్టుకుంటాడు, చేతిలోని గన్‌ను అనుమానించడు.

ఐసోసయనేట్ అనే మాట మనకు కొత్త కాదు. 1984 డిసెంబరు 2-3 తేదీల నడిమి రాత్రి భోపాల్‌లో వేలమందిని చంపినది మిథైల్ ఐసోసయనేట్. హార్డెనర్‌లో ఉండేది అది కాదు. దాని అంత తేలికగా ఆవిరయ్యేది కూడా కాదు. అనవసరపు భయం కలిగించడం నా ఉద్దేశం కాదు కనుక ఈ తేడా స్పష్టంగా చెబుతున్నాను. కానీ అదే కుటుంబానికి చెందినది. తేలికగా ఆవిరి కాని దానిని సన్నని తుంపరగా మార్చి మనిషి లోపలికి పంపే యంత్రాన్నే మనం స్ప్రే గన్ అంటున్నాము.

మరి రక్షణ? మూతికి దస్తీ కట్టుకుంటారు. కరోనా తరువాత కొందరు మాస్కు పెట్టుకుంటున్నారు. దస్తీ గానీ, ఆ మాస్కు గానీ ఈ తుంపరను, ఆవిరిని ఆపవు. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే ముసుగు కావాలి. గన్ ఆపిన తరువాత కూడా తుంపర గాలిలో మిగిలే ఉంటుందని, మామూలు వెలుతురులో అది కంటికి కనబడదని, గాలి పూర్తిగా మారేదాకా ముసుగు తీయరాదని బ్రిటన్‌లోని ఆరోగ్య భద్రతా శాఖ అక్కడి షెడ్లకు పదే పదే చెబుతుంది. మా దారిలోని షెడ్డులో గన్ ఆపగానే కుర్రవాడు దస్తీ విప్పి, అదే దస్తీతో ముఖం తుడుచుకొని, అక్కడే టీ తాగుతాడు.

ఉబ్బసం ఒక్కటే అయితే ఇంత రాసేవాడిని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, రంగులు వేసే వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1989లో చేర్చింది. సిగరెట్టు పొగ ఉన్నది కూడా ఆ వర్గంలోనే. ఊపిరితిత్తులు, మూత్రాశయం ముఖ్యంగా దెబ్బతింటాయి. థిన్నర్‌లోని టోలీన్, జైలీన్ వంటి ద్రావకాలు ఏళ్ల తరబడి పీల్చితే జ్ఞాపకశక్తి తగ్గుతుంది, చికాకు పెరుగుతుంది. ఇంట్లో వారు ఇతడు తాగి వచ్చాడని అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజం కూడా అవుతుంది, అప్పుడు రెండు విషాలూ కలిసి పనిచేస్తాయి. పాత రంగును ఎమ్రీ కాగితంతో రుద్దినప్పుడు లేచే దుమ్ములో సీసం, క్రోమియం లవణాలు ఉండవచ్చు. పసుపు రంగుకు లెడ్ క్రోమేట్ వాడిన పాత బండ్లలో మరీ ఎక్కువ. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదని 2016లో నియమం చేసి 2017 నవంబరు నుంచి అమలు చేశారు. మంచి నియమం. అది గృహ, అలంకరణ రంగులకే పరిమితం. బండికి వేసే రంగు దాని పరిధిలోకి రాదు. గోడను పిల్లవాడు నాకుతాడని ఆలోచించారు. బండిని రుద్దేవాడు కూడా ఒకరి పిల్లవాడేనని ఆలోచించలేదు.

పిల్లవాడు అని ఊరికే అనలేదు. 1986 బాల కార్మిక చట్టపు అనుబంధంలో మోటారు బండ్ల సొట్టలు తీయడం, రంగులు వేయడం పేరు పెట్టి నిషేధించారు. మీరు వెళ్లిన షెడ్డులో ఎమ్రీ కాగితం పట్టుకున్న వాడి వయసు ఎంత? "మా మేనల్లుడండీ, సెలవుల్లో పని నేర్చుకుంటున్నాడు" అంటారు. సెలవులు ఏడాది పొడుగునా ఉంటాయి.

ఇక వ్యర్థాల సంగతి. షెడ్డులో ఏదీ వృథా పోదని మేస్త్రీలు అంటారు. అందులో సగం నిజం ఉంది. పాత తలుపులు, బానెట్లు, రేడియేటర్లు, రాగి తీగ పాత ఇనుప సామాను వ్యాపారి వచ్చి తూకం వేసి తీసుకుపోతాడు. లోహాన్ని తిరిగి వాడుకోవడంలో మన దేశపు చిన్న వ్యాపారులు ఎవరికీ తీసిపోరు. ధర ఉన్నది కనుక ప్రభుత్వం చెప్పకుండానే అంతా సవ్యంగా జరుగుతున్నది.

ధర ఉన్నంత మాత్రాన సరైన చోటికి పోతుందా అంటే అదీ లేదు. వాడేసిన ఇంజన్ నూనెను చూడండి. దానికీ కొనేవాళ్లు ఉన్నారు. శుద్ధి కేంద్రానికి పోవలసిన నూనె ఇళ్ల నిర్మాణంలో సెంట్రింగ్ పలకలకు పూసే నూనెగా మారుతుంది, బట్టీల్లో పొయ్యి నూనెగా మండుతుంది. పల్లెల్లో కుక్కల గజ్జికి, గొడ్ల పుండ్లకు రాస్తారు. కర్రకు చెదలు పట్టకుండా పూస్తారు. ఇంజన్‌లో మరిగి మరిగి ఆ నూనెలో క్యాన్సర్ కలిగించే హైడ్రోకార్బన్లు, లోహపు రజను పేరుకొని ఉంటాయి. సెంట్రింగ్ కూలీలు దానిని గుడ్డతో, ఒట్టి చేతులతో పూస్తుండగా నేను చూశాను. పాత బ్యాటరీకి ఇంకా మంచి ధర. దానిలోని సీసాన్ని పెరట్లో కరిగించేవాడు కంపెనీ కంటే పది రూపాయలు ఎక్కువ ఇస్తాడు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉన్నది. అందులో మన దేశపు పిల్లలు 27 కోట్లకు పైగా. పాత బ్యాటరీలను ఇష్టానుసారం కరిగించడం దానికి ప్రధాన కారణాల్లో ఒకటి.

చివరికి ధర లేనివి మిగులుతాయి. గన్ కడిగిన థిన్నర్, డబ్బా అడుగున గడ్డకట్టిన రంగు, ఎమ్రీ రుద్దిన బురద నీళ్లు, గట్టిపడిన పుట్టీ, స్పాంజి, ప్లాస్టిక్. వీటిని ఎవరూ కొనరు. కనుక ద్రవాలు నేలలోకి, ఘనాలు మంటలోకి పోతాయి. సీటు స్పాంజి మండితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. తీగల మీది పీవీసీ తొడుగు మండితే డయాక్సిన్లు పుడతాయి. రేడియేటర్ నుంచి కారబోసిన కూలెంట్‌లో ఇథలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది. కుక్కలు, మేకలు నాకుతాయి, మూత్రపిండాలు చెడి చస్తాయి. ఊరివాళ్లు ఎవరో విషం పెట్టారని పోట్లాడుకుంటారు.

నేలలోకి పోయినది అక్కడే ఉంటుందని అనుకోకండి. మన ప్రాంతంలో కింద ఉన్నది గ్రానైటు. పైన కొంత మట్టి, మొరం. దాని కింద పగుళ్లు ఉన్న రాయి. బోరులోకి నీరు వచ్చే దారి ఆ పగుళ్లే. థిన్నర్ ద్రావకాలకూ అదే దారి. మిషన్ భగీరథ నీళ్లు నల్లాలో వస్తున్నాయి కదా, బోరు ఏమైతే మాకేమని కొందరు అంటారు. ఆకుకూరలకు ఏ నీళ్లు పెడుతున్నారు? గేదె ఏ తొట్టిలో తాగుతున్నది?

చిన్న పరిశ్రమల గుంపు నేలను ఏమి చేయగలదో చూడాలంటే దూరం పోనక్కరలేదు. శంషాబాద్ నుంచి నగరంలోకి పోతుంటే కాటేదాన్ పారిశ్రామికవాడ వస్తుంది. అక్కడున్నవి ఆకాశాన్నంటే కర్మాగారాలు కావు. బ్యాటరీలు, లోహపు పూతలు, రసాయనాలు, నూనెల వంటి చిన్న, మధ్యతరహా పరిశ్రమలు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం అధిక మోతాదుల్లో కనిపించాయి. పక్కనే ఉన్న నూర్ మహమ్మద్ కుంట గతి ఆ దారిన పోయేవారికి ముక్కు ద్వారానే తెలుస్తుంది. ఒక్కొక్కరినీ అడిగితే మాది చిన్న యూనిట్ అనే చెప్పి ఉంటారు.

మన షెడ్డుకు రండి. రోజుకు అర లీటరు థిన్నర్ గన్ కడగడానికి వాడి పారబోస్తున్నారని అనుకుందాం. మూడు వందల పనిదినాలకు నూట యాభై లీటర్లు. ఒక దారిలో ఇరవై షెడ్లుంటే మూడు వేల లీటర్లు. ఒక ట్యాంకరు వచ్చి ఊరి బయట మూడు వేల లీటర్ల ద్రావకం పారబోస్తే ఏమి చేస్తారు? డ్రైవరును పట్టుకొని కొడతారు, టీవీవాళ్లను పిలుస్తారు. అదే పని ఇరవైమంది మూడు వందల రోజుల్లో చేస్తే దానిని చిరు వ్యాపారం అంటున్నాము.

చట్టం లేదా? ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన నూనె, రంగు మడ్డి, వాటి ఖాళీ డబ్బాలు ప్రమాదకర వ్యర్థాలే. వాటిని సక్రమంగా నిల్వ చేసి, 90 రోజులు దాటకుండా అధీకృత కేంద్రానికి అప్పగించాలి. బండ్ల మరమ్మతు, రంగుల పనిని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 వర్గీకరణలో నారింజ వర్గంలో పెట్టింది. అంటే కాలుష్య మండలి సమ్మతి లేకుండా నడపరాదు. అప్పగించవలసిన కేంద్రం ఎక్కడ? దుండిగల్‌లో. కందుకూరు నగరానికి దక్షిణాన, దుండిగల్ ఉత్తరాన. రెండు లీటర్ల మడ్డి పట్టుకొని నగరాన్ని దాటి పోయే మేస్త్రీ ఎవడు? పోయినా గేటు దగ్గర వాడిని లోపలికి ఎవరు రానిస్తారు? లారీ లోడు పంపగల కర్మాగారాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన ఏర్పాటు అది. చిన్నవాడికి చట్టం వర్తిస్తుంది, దారి మాత్రం లేదు. ఆ సందులోనే విషం నేలలోకి దిగుతున్నది, అప్పుడప్పుడు తనిఖీల పేరిట మామూళ్లు కూడా ఆ సందులోనే పుడుతున్నాయి.

"ఇది అసంఘటిత రంగం డాక్టరు గారూ, ఇన్ని వేల షెడ్ల నుంచి ఎవరు సేకరిస్తారు, జరిగే పని కాదు" అని ఒక అధికారి నాతో అన్నారు. సరిగ్గా ఇదే మాటను నేను స్వయంగా ఒకప్పుడు అన్నాను.

1998లో జీవ వైద్య వ్యర్థాల నియమాలు వచ్చాయి. అంతకుముందు మా ఆస్పత్రుల వెనుక ఒక గుంట ఉండేది. సూదులు, రక్తపు దూది, సెలైన్ గొట్టాలు, కోసి తీసినవి, అన్నీ అందులోనే. కుక్కలు లాక్కుపోయేవి. చెత్త ఏరుకునే పిల్లల కాళ్లకు సూదులు గుచ్చుకునేవి. ఆ సూదులే కడిగి మళ్లీ అమ్మేవాళ్లు. నియమాలు రాగానే వైద్యులమంతా ఒక్క గొంతుతో అన్నాము, పెద్ద ఆస్పత్రులకైతే సరే, పది పడకల నర్సింగ్ హోములు, ఒక గది క్లినిక్కులు ఇన్ని రంగుల సంచులు ఎక్కడ పెడతాయి, ఎవడొచ్చి పట్టుకుపోతాడు అని. సమావేశాల్లో చేతులెత్తి మరీ అన్నాము. ఇవాళ ఏ చిన్న క్లినిక్కుకైనా వెళ్లి చూడండి. పసుపు, ఎరుపు సంచులు, సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలి డబ్బా ఉంటాయి. బండి వస్తుంది, తూకం వేస్తుంది, తీసుకుపోతుంది. నెలకింత అని క్లినిక్కు కడుతుంది. అన్నిచోట్లా నిక్కచ్చిగా జరుగుతున్నదని చెప్పను, లోపాలున్నాయి. కానీ ఆ గుంటలు పోయాయి. మేము జరగదన్న పని మా కళ్లముందే జరిగింది.

వైద్యులు వదిలెయ్యండి, పాడి రైతును చూడండి. తెల్లవారకముందే ఒక్కో ఇంటి నుంచి లీటరు, రెండు లీటర్లు పాలు సేకరించి, వెన్న శాతం కొలిచి, చీటీ రాసి, సాయంత్రానికి నగరం చేర్చే ఏర్పాటు మన పల్లెల్లో దశాబ్దాలుగా నడుస్తున్నది. పాలు చెడిపోతాయన్న తొందర ఉన్నది కనుక రోజుకు రెండుసార్లు సేకరిస్తున్నాము. మూత పెట్టిన డబ్బాలో మడ్డి చెడిపోయేది కాదు. నెలకు ఒక్కసారి బండి వస్తే చాలు. శ్రీశైలం దారికి ఒక బండి, శంషాబాద్ దారికి ఒక బండి.

ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. మొదట రంగుల కంపెనీలు. బ్యాటరీల తయారీదారులు పాత బ్యాటరీల బాధ్యత తీసుకోవాలని 2022లో నియమాలు వచ్చాయి. అదే ఏడాది టైర్లకు వచ్చాయి. వాడిన నూనె బాధ్యత నూనె ఉత్పత్తిదారుల మీద 2024 ఏప్రిల్ నుంచి పెట్టారు. కాలం చెల్లిన వాహనాల బాధ్యత 2025 ఏప్రిల్ నుంచి వాహన కంపెనీల మీద పడింది. ఈ వరుసలో గన్ కడిగిన థిన్నర్, డబ్బా అడుగున మిగిలిన రంగు, హార్డెనర్ లేవు. మూడు కోట్ల ప్రకటనలో మెరిసే కారును చూపించే కంపెనీకి మూడు లీటర్ల మడ్డి వెనక్కి తీసుకోవడం భారమా?

రెండోది బీమా సంస్థలు. మోటారు బీమా లెక్క ఎంత సూక్ష్మంగా ఉంటుందో బిల్లు చూసినవారికి తెలుసు. రంగు సామగ్రి ధరలో 50 శాతం తరుగు తీసేస్తారు. రంగు పనికి మొత్తం ఒకే బిల్లు ఇస్తే అందులో 25 శాతాన్ని సామగ్రిగా లెక్కిస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు. బంపరు వయసు కూడా లెక్కపెట్టగలిగిన ఆ కాగితంలో వ్యర్థాల అప్పగింతకు ఒక్క గడి లేదు. ఆ గడి పెట్టి, అప్పగించిన రసీదు జతచేస్తేనే ఆ మొత్తం చెల్లిస్తామంటే షెడ్డు యజమానే బండి ఎప్పుడు వస్తుందని ఎదురు చూస్తాడు.

మూడోది మీరు, నేను. బేరమాడి తగ్గించుకున్న ఐదు వందలు గాలిలోంచి రాలేదు. గాలి ముసుగు కొనకపోవడం వల్ల, థిన్నర్ నేల మీద పోయడం వల్ల, పదిహేనేళ్ల పిల్లవాడికి సగం కూలి ఇవ్వడం వల్ల వచ్చింది.

ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఈ వ్యాసం చదివి ఎవరైనా అధికారి ఉత్సాహపడి షెడ్లకు తాళాలు వేస్తే నాకు సంతోషం కలగదు. తాళం వేసిన షెడ్డు ఇంకో మూడు కిలోమీటర్లు లోపలికి, చెరువు గట్టు మీదికి పోతుంది. శంషాబాద్ వైపు జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో 111వ జీవో తెచ్చారు. నిషేధం కాగితం మీద ఉండగానే చిన్న పనులు సందుల్లోకి ఎలా జరిగిపోతాయో ఆ చుట్టుపక్కల ఊళ్లవారిని అడగండి. నాకు కావలసినది తాళం కాదు, బండి.

బండి వచ్చేదాకా చేయగలిగినవి ఉన్నాయి. మా ఊరి షెడ్డు మేస్త్రీతో నేను కూర్చొని మాట్లాడాను. మొదట అనుమానంగా చూశాడు. తరువాత "చెప్పండి డాక్టర్ సాబ్" అన్నాడు. ఇప్పుడు గన్ కడిగిన థిన్నర్‌ను మూత ఉన్న డబ్బాలో పోస్తున్నాడు. రెండు రోజుల్లో మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన థిన్నర్‌తో మరుసటి గన్ మొదటి కడుగు కడుగుతాడు, చివరి కడుగుకే కొత్తది వాడుతాడు. తనకే డబ్బు మిగులుతున్నదని నాకు లెక్క చెప్పాడు. పాత రకం గన్‌తో కొట్టిన రంగులో మూడింట రెండు వంతుల దాకా బండి మీద పడకుండా గాలిలో పోతుంది. తక్కువ పీడనంతో పనిచేసే కొత్త గన్‌లతో మూడింట రెండు వంతులు బండి మీదే పడుతుంది. అది కొనడానికి ఇంకా ఆలోచిస్తున్నాడు. చేతులకు అంటిన రంగును థిన్నర్‌తో కడగడం మాన్పించడం అన్నిటికంటే కష్టమైంది. ద్రావకాలు చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. వంటనూనె రాసి సబ్బుతో కడగమంటే కుర్రవాళ్లు నవ్వారు, ఒకడు మాత్రం పాటిస్తున్నాడు.

మీరు షెడ్డుకు వెళ్లినప్పుడు థిన్నర్ డబ్బా ఎక్కడ అని అడగండి. సాయంత్రానికే కావాలని ఒత్తిడి చేయకండి. పాలిష్‌తో పోయే గీతకు ప్యానెల్ మొత్తం రంగు వేయించకండి, వేడి చేసి అతికించగల బంపర్‌ను మార్పించకండి. సాటి వైద్యులకు మనవి, పిల్లికూతలతో వచ్చిన ప్రతి యువకుడిని ఏం పని చేస్తావు, సెలవు రోజుల్లో ఎలా ఉంటుంది అని అడగండి. శ్వాస బలాన్ని కొలిచే చిన్న గొట్టం పరికరం ఇచ్చి, పని రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ కొలతలు రాసుకోమనండి. రెండు వారాల కాగితం మీ స్టెతస్కోపు చెప్పలేనిది చెబుతుంది. పటాన్‌చెరులో రోగులను చూస్తూనే వారి జబ్బులకు నక్కవాగు నీళ్లతో ఉన్న సంబంధాన్ని పట్టుకొని, న్యాయస్థానాల దాకా పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు మనలాంటి వైద్యులే.

షెడ్లలో పనిచేసే పాఠకులెవరైనా ఉంటే, రాత్రి దగ్గు, ఆయాసం ఉండి సెలవుల్లో తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా ఛాతీ వైద్యునికి చూపించుకోండి, హార్డెనర్ వాడతానని మీరే చెప్పండి. ఏడాదికోసారి రక్తకణాల పరీక్ష, వీలైతే రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. షెడ్డు బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకోకండి, బట్టలు విడిగా ఉతికించండి.

మా మేస్త్రీ దగ్గర మడ్డి డబ్బాలు ఇప్పటికి నాలుగు నిండాయి. వాటిని తీసుకువెళ్లే ఏర్పాటు చేయమని కాలుష్య నియంత్రణ మండలికి రాసిన ఉత్తరం మీద ఆ దారిలోని పదకొండు షెడ్ల యజమానులు సంతకాలు పెట్టారు. జవాబు వస్తే ఇక్కడే తెలియజేస్తాను. పాత బ్యాటరీల సీసం, పిల్లల మెదడు మీద దాని ప్రభావం గురించి వచ్చే వ్యాసంలో వివరంగా రాస్తాను.